ఒరిగిన చిప్ప

ఆఖరి మట్టిపొర ఊడిరావడానికి సిద్ధంగా ఉంది. చిప్పలాయన ఊపిరి బిగబట్టాడు. సూదిమొన వెంట్రుకవాసి జారినా చాలు, కోట్ల ఏళ్ళుగా చెక్కుచెదరని అంచు ఈ పూట ఆయన చేతిలో విరుగుతుంది. సూదిని ఏటవాలుగా పడుకోబెట్టి, పొర కిందికి దూర్చి, మెల్లగా ఎత్తాడు.

టిక్.

పొర ఎగిరొచ్చి కళ్ళద్దాల మీద పడింది. అంచు క్షేమం.

"బతికిపోయావు," అన్నాడు చిప్పతో.

ఎప్పుడో చచ్చి రాయైపోయిన ప్రాణితో ఆ మాట అనడం ఆయనకు కొత్త కాదు. ఆ గదిలో ఆయన మాట్లాడేదే చిప్పలతో. మ్యూజియం వెనకభాగంలో, నేలమాళిగ మెట్లు దిగాక ఎడమవైపు గది అది. గోడల నిండా చెక్క సొరుగులు. ఒక్కో సొరుగులో అట్టతట్టలు, ఒక్కో తట్టలో దూది మీద ఒక శిలాజం, దాని కింద చీటీ. గోడపైన కప్పుకు దగ్గరగా ఒకటే కిటికీ. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ చెప్పులూ బూట్లూ తప్ప ఇంకేం కనపడవు. నడక చూసి మనిషిని పోల్చుకోవడం చిప్పలాయనకు కాలక్షేపం.

పొట్టి మనిషి. వంగి వంగి వీపు కాస్త గూని తేలింది. మెడలో దారానికి భూతద్దం వేలాడుతుంటుంది. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం కావాలని పెంచాడు, మట్టి గీకడానికి. కోటు మధ్యగుండీ ఒక్క దారప్పోగు మీద ఊగిసలాడుతోంది. భార్య దర్జీ. అయినా ఆ గుండీ అలాగే ఉంది. "ఊరందరి గుండీలూ కుట్టాక మీ వంతు," అంటుంది ఆవిడ.

ఆయన వాడే సూదులన్నీ కూతురు పారేసినవి. ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు. "మనిద్దరిదీ ఒకటే పని నాన్నా. నా దగ్గరికొచ్చేవాళ్ళు అరుస్తారు, అంతే తేడా," అని నవ్వుతుంది.

మెట్ల మీద చప్పుడైంది. ఈ నడకను పోల్చుకోవడానికి కిటికీ అక్కర్లేదు. రెండేసి మెట్లు ఒక్క దూకులో దిగేది లెక్కలమ్మాయి ఒక్కతే. చేతుల్లో ఒకదానిమీద ఒకటి పేర్చిన తట్టలు, వాటిమీద గడ్డం ఆన్చి వచ్చింది.

"సార్, జరగండి జరగండి, పడిపోతున్నాయ్!"

"నా చిప్పలు పడేస్తే నిన్ను కూడా సొరుగులో పెడతా."

"చీటీ మీద ఏం రాస్తారు?"

"తొందరపాటు జాతి. అరుదైనదేం కాదు."

ఆమె నవ్వుతూ తట్టలు బల్లమీద దించింది. చిప్పలాయన చూశాడు. చీటీలు లేవు. ప్రతి రాయి వెనకా, పాత గుర్తులు కప్పేట్టు, ఒక తెల్లకాగితం ముక్క అంటించి ఉంది, దానిమీద అంకె. అంతే.

"ఇదేంటి? చీటీల్లేకుండా, ఒంటిమీద గుడ్డల్లేనట్టు తెచ్చావు?"

"మొన్న చెప్పాను కదా సార్. ఇవాళ సాయంత్రానికి వ్యాసం పంపాలి. కంప్యూటరులో నేను గీసిన గీత ఇంకా తప్పుగానే ఉంది."

గీత సంగతి చిప్పలాయనకు తెలుసు. మూడు వారాలుగా కాలిలో ముల్లులా గుచ్చుతోంది.

విషయం ఇది. ఒకప్పుడు ఈ నేలా, సముద్రానికి అవతల ఉన్న నేలా ఒక్కటే. ఒకే తీరం, ఆ తీరంలో ఒకేరకం చిప్పలు. తర్వాత నేల చీలింది. నడుమ సముద్రం దూరింది. ఈ చిప్పలు లోతు నీళ్ళు దాటి పోలేవు. దాంతో ఏ ఒడ్డు చిప్పలు ఆ ఒడ్డునే మారుతూ పోయాయి. కాబట్టి ఒక్కో కాలపు రాతిపొరలో, రెండు ఒడ్డులకూ ఉమ్మడిగా ఉన్న జాతులెన్ని, ఒక్క ఒడ్డునే ఉన్నవెన్ని అని లెక్కగడితే సరి. ఉమ్మడి జాతులు ఎక్కడ తగ్గడం మొదలవుతాయో అక్కడే నేలలు విడిపోయాయన్నమాట. లెక్కలమ్మాయి పని ఆ లెక్క కట్టి గీత గీయడం. ఆ గీత దిగవలసిన చోటు కంటే చాలా ముందే దబ్బున కిందికి దిగుతోంది. నేల చీలినప్పుడు పొంగిన లావా రాళ్ళు ఒక కాలం చెబుతుంటే, చిప్పలు అంతకంటే ఎంతో ముందు కాలం చెబుతున్నాయి.

"లావా తప్పయి ఉండొచ్చు," అన్నాడు చిప్పలాయన.

"లావాకి పేర్లు పెట్టే అలవాటు లేదు సార్." ఆమె గొంతులో ఎగతాళి లేదు. కానీ మాట సూటిగా తగిలింది. "ఈ ఒడ్డు చిప్పలకి పేర్లు పెట్టింది మీరు. ఆ ఒడ్డు చిప్పలకి ఆవిడ. మీరేమో చిన్న తేడా కనపడితే కొత్త జాతి అంటారు. ఆవిడేమో అన్నీ ఒకటే అంటారు. మధ్యలో ఉన్నది సముద్రమో, మీ ఇద్దరి చూపుల తేడానో నా లెక్కకి తెలీదు కదా."

అవతలి ఒడ్డు ఆవిడను చిప్పలాయన ఎప్పుడూ చూడలేదు. ఉత్తరాల్లోనే పరిచయం, ఉత్తరాల్లోనే పోట్లాట. 'మీరు ముక్కలు చేస్తారు' అని ఆవిడ, 'మీరు ముద్ద చేస్తారు' అని ఈయన. ఇద్దరికీ జుట్టు నెరిసింది కానీ ఆ పోట్లాట మాత్రం పడుచుగానే ఉంది. ఇద్దరూ ఒకరికొకరు పార్సిళ్ళలో రాళ్ళు పంపుకుంటూనే ఉన్నారు.

"అందుకని రెండు ఒడ్డులవీ కలిపేశాను," అంది లెక్కలమ్మాయి. "ఏది ఎక్కడిదో మీకు తెలీదు. నాకు తెలుసు. మీరు విడదీయండి. మిగతాది నేను చూసుకుంటా."

"పరీక్షా?"

"పరీక్షే."

చిప్పలాయన స్టూలు దగ్గరకు లాక్కున్నాడు. ఆయనకు కోపం రాలేదు. నిజానికి ఒళ్ళు పులకరించింది. ఎవరైనా ఆయన కంటిని పరీక్షించి ఎన్నాళ్ళయింది?

ఉదయమంతా విడదీశాడు. ఒక్కో రాయినీ దీపం కిందికి తెచ్చి, భూతద్దం ఎత్తి, గోటితో గీతలు తడిమి, పక్కన పెట్టాడు. మామూలువి ఒక కుప్ప. సన్నవి ఒక కుప్ప. వెడల్పువి ఒక కుప్ప. ఒక పక్కకు ఒరిగినవి నాలుగో కుప్ప. ఆ నాలుగో కుప్ప దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటది నెమ్మదించింది.

ఆ ఒరిగిన చిప్పకు ఆయన పెట్టింది భార్య పేరు.

పెళ్ళయిన కొత్తలో దొరికింది అది. ఊరికి దూరంగా, రాతిగుట్ట మీద. తవ్వి తీసి, ఉమ్మితో తుడిచి చూస్తే, చిప్ప నడుము ఒక పక్కకు వాలి ఉంది. ఆయన అక్కడే చతికిలబడి నవ్వాడు. భార్యకు చిన్నప్పటినుంచీ కుడిచెవి వినపడదు. ఎవరేం చెప్పినా తల అచ్చం ఇలాగే వాల్చి, ఎడమచెవి అందిస్తుంది. ఇక వేరే పేరు వెతకాల్సిన పని లేకపోయింది. అచ్చయిన రోజున ఆవిడ చిప్ప ఫొటోకు చట్రం కట్టించి కుట్టుమిషను పైన గోడకు తగిలించింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించేది. "అదిగో, నేనే. సముద్రం అడుగునుంచి వచ్చా."

మధ్యాహ్నానికి కుప్పలు పూర్తయ్యాయి. లెక్కలమ్మాయి అంకెలు ఒక్కొక్కటే చదువుతూ తన కాగితంతో సరిచూసుకుంది. కనుబొమలు పైకి లేచాయి.

"సార్. ఒరిగిన కుప్పలో అవతలి ఒడ్డువి కూడా ఉన్నాయి."

"ఏదీ?"

"ఇదిగో. ఇది, ఇది, అదిగో అది కూడా. ఆవిడ వీటిని మామూలువాటిలో కలిపేశారు."

చిప్పలాయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ రుద్దుకున్నాడు. "చూశావా? మా ఆవిడ ఆ ఒడ్డున కూడా ఉంది! ఆ ముద్దలావిడకి కళ్ళు లేక కనపడలేదు!"

లెక్కలమ్మాయి అప్పటికే కంప్యూటరులో అంకెలు దింపుతోంది. గీత కదిలింది. ముందుకంటే నయం. లావా కాలానికి కాస్త దగ్గర పడింది, కానీ చేరలేదు.

"ఇలా పంపేయొచ్చు సార్," అందామె. "కొంచెం తేడా ఉంది. ఎవరూ తప్పు పట్టరు." ఆగి, ఒరిగిన కుప్పలోంచి రెండు చిప్పలు తీసి పక్కపక్కన పెట్టింది. "ఒక్కటే సందేహం. ఇది ఎడమకి ఒరిగింది. ఇది కుడికి. ఒకటే జాతి అయితే అన్నీ ఒకే పక్కకి ఒరగాలి కదా?"

"ఎడమచేతివాటం వాళ్ళూ కుడిచేతివాటం వాళ్ళూ ఉండరూ?" జవాబు ఠక్కున వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా నాలుక మీద సిద్ధంగా ఉన్న జవాబు అది.

ఆమె తల ఊపి భోజనానికి పైకి వెళ్ళిపోయింది.

చిప్పలాయన డబ్బా విప్పాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎడమా కుడీ సంగతి చాలా ఏళ్ళ కిందట తనకూ తట్టింది. అప్పుడు ఈ జవాబు చెప్పుకుని తృప్తిపడ్డాడు. ఇవాళ మరొకరి నోటినుంచి వింటే అదే ప్రశ్న కొత్తగా ఉంది.

డబ్బా మూతపెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. ఒరిగిన చిప్ప ఉన్న రాయిని తిరగేశాడు. వెనక కాగితం లేపితే బాణం గుర్తు ఉంది. తను చెక్కిందే. గుట్ట మీంచి ఏ రాయిని ఊడదీసినా, ఊడదీయకముందే ఉత్తరం ఎటో దానిమీద బాణం గీయడం ఆయన అలవాటు. ఎందుకని ఎవరైనా అడిగితే, పడుకున్నవాళ్ళని లేపేముందు ఎటు తలపెట్టి పడుకున్నారో చూసుకోవాలి కదా, అనేవాడు. ఆ బాణాలతో ఇన్నేళ్ళలో పని పడలేదు.

బల్ల మీద చోటు చేశాడు. ఆ గుట్టవన్నీ ఏరాడు. సన్నవి, వెడల్పువి, ఒరిగినవి. వెనకున్న బాణం ఎటు చూపుతోందో పైకి తెలిసేట్టు రాయి అంచున సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, రాళ్ళను ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టాడు. బాణాలన్నీ గోడవైపు ఉండాలి. ఒకటి తిప్పాడు. ఇంకొకటి. ఇంకొకటి.

సగంలోనే చేతులు ఆగాయి.

బస్సు మలుపు తిరిగినప్పుడు జనమంతా ఒకే పక్కకు వాలినట్టు, బల్ల మీది చిప్పలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉన్నాయి. ఎడమకు ఒరిగినవీ కుడికి ఒరిగినవీ ఇప్పుడు ఒకే వైపు లాగినట్టున్నాయి. ఆ దిక్కు వెంబడే పొడవుగా పడుకున్నవి సన్నగా సాగాయి. అడ్డంగా పడుకున్నవి వెడల్పయ్యాయి. ఏటవాలుగా పడుకున్నవి ఒరిగాయి. సన్నజాతి లేదు, వెడల్పు జాతి లేదు. ఒరిగిన జాతి అసలే లేదు. ఉన్నది ఒకే మామూలు చిప్ప. దాన్ని గుట్ట నొక్కింది.

చిప్పలాయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. రాళ్ళు అలాగే ఉన్నాయి.

అవతలి ఒడ్డు ఆవిడ రాళ్ళమీద ఎర్రరంగు బాణాలుంటాయి. ఒరిగిన ఆ మూడింటినీ కూడా తిప్పి చూశాడు. అవీ ఒకే దిక్కుకు సాగి ఉన్నాయి. అక్కడా ఏదో గుట్ట తన పని తాను చేసుకుపోయింది.

కిటికీలో ఎవరివో పిల్లల బూట్లు పరుగెత్తిపోయాయి. ఇప్పుడు ఈ రాళ్ళను కలిపేసి తట్టల్లో పెట్టేస్తే చాలు. గీత కాస్త తేడాతో వెళ్ళిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. ఆ అమ్మాయే అంది. గోడమీద చట్రం ఉంటుంది, చట్రం కింద ఆవిడ ఉంటుంది, అంతా ఎప్పటిలాగే ఉంటుంది.

ఆయన రాళ్ళను ముట్టుకోలేదు. కూర్చుని ఎదురుచూశాడు.

లెక్కలమ్మాయి వచ్చి బల్లవైపు ఒక్కసారి చూసింది. అంతే, అర్థమైపోయింది. "సార్... మరి అమ్మగారి పేరు?"

ఆ అమ్మాయికీ బట్టలు కుట్టేది ఆవిడే. చట్రంలోని చిప్పను చూడని మనిషి ఆ చుట్టుపక్కల లేరు.

"మామూలు చిప్పకి ఆ ముద్దలావిడ నాకంటే ముందే పేరు పెట్టింది. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. రూలు నీకు తెలీదా?"

"ఇప్పుడే ఎందుకు సార్? ఇది ఇలా పోనిద్దాం. ఆర్నెల్లాగి ఇంకో వ్యాసం రాద్దాం. ఈలోగా మీరు ఇంట్లో మెల్లగా చెప్పుకోవచ్చు."

"ఆర్నెల్లపాటు సముద్రాన్ని తప్పు చోట నిలబెట్టమంటావా?" అని నవ్వాడు చిప్పలాయన. "కానీ. సన్నవి, వెడల్పువి, ఒరిగినవి, మూడు జాతుల్నీ మామూలుదాంట్లో కలిపెయ్. చూద్దాం."

ఆమె అంకెలు మార్చింది. ఇద్దరూ తెరమీదికి వంగారు. గీత మెల్లగా, వయసైన మనిషి మెట్లు దిగినట్టు ముందుకు జరిగి జరిగి, లావా కాలం దగ్గర అడుగు పెట్టి, అక్కణ్ణుంచి కిందికి దిగింది.



"వచ్చేసింది," అంది లెక్కలమ్మాయి, గుసగుసగా.

"వచ్చింది." చిప్పలాయన గొంతు కూడా తగ్గింది. ఆయన ఛాతీలో ఏదో బరువు ఉంది. అది బాధ అనుకున్నాడు. కానీ దాని పక్కనే, దానికంటే పెద్దగా, సంతోషం కూడా ఉంది. రెండు నేలలు ఎప్పుడు చెయ్యి విడిచాయో ఈ బల్ల మీద తెలిసింది. తన తప్పును తనే పట్టుకున్నాడు. ఎప్పుడో పడుచుతనంలో గీసిన బాణాలు ఇప్పుడు వచ్చి తగిలాయి.

"అవతలావిడకి ఏం రాయమంటారు?"

"గెలిచారని రాయి. అలాగని రేపట్నుంచి నత్తల్నీ పీతల్నీ కూడా కలిపేయొద్దని రాయి."

ఆమె వ్యాసం పంపే పనిలో పడింది. చిప్పలాయన సొరుగు తెరిచి తట్ట బయటకు తీశాడు. మొట్టమొదట దొరికిన ఒరిగిన చిప్ప. దాని కింద ఆయన పడుచు చేతిరాతతో చీటీ, సిరా గోధుమరంగుకు తిరిగింది. కొత్త చీటీ మీద మామూలు పేరు రాశాడు, తారీఖు వేశాడు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పాతచీటీని ఎవరూ పారేయరు. ఎంత తప్పు పేరైనా సరే, కొత్తది ముందుంటుంది, పాతది శిలాజం కింద ఉంటుంది. ముందటివాళ్ళు ఏమనుకున్నారో తర్వాతివాళ్ళకు తెలియాలని. ఆయన కొత్తచీటీని తట్టకు ముందుపెట్టి, చిప్పను పాతచీటీ మీద మళ్ళీ కూర్చోబెట్టి, సొరుగు మూశాడు.

మెట్లెక్కేటప్పుడు నడుమ ఒకసారి ఆగి గోడను పట్టుకున్నాడు. ఈమధ్య ఆ మెట్టు దగ్గర ఆగడం అలవాటైంది.

భార్య కొట్టు వీధి మలుపులో. ఒక మిషను, ఒక ఇస్త్రీబల్ల, రెండు స్టూళ్ళు. ఆయన రోజూ కూర్చునేది ఎడమవైపు స్టూలు, వినపడే చెవి పక్క. ఇవాళ దానిమీద బడిపిల్లల యూనిఫారాలు గుట్టలా ఉన్నాయి. కుడివైపు స్టూలు మీద కూర్చుని, ఆవిడ భుజం తట్టాడు. ఆవిడ మిషను ఆపి, మొత్తం ఇటు తిరిగి, తల వాల్చింది.

"మొహం అలా ఉందేంటి? ఏమైనా విరగ్గొట్టారా?"

"విరగ్గొట్టా. నిన్నే."

చెప్పేశాడు. గుట్ట, బాణాలు, నొక్కుడు. ఆవిడ గోడమీది చట్రంవైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది. నమిలినట్టుగా మాట వచ్చింది.

"అంటే నేను లేనన్నమాట."

"పుస్తకంలో లేవు."

ఆవిడ చేతిలోని గళ్ళగుడ్డ ముక్కను ఆయన అందుకున్నాడు. రెండు మూలలు పట్టుకుని ఐమూలగా లాగాడు. చదరపు గళ్ళు ఒక పక్కకు ఒరిగాయి. "ఇదిగో, ఇలా."

ఆవిడ గుడ్డను చూసింది. పెదవుల చివర నవ్వు మొలిచింది. అది పెద్దదై భుజాలు కూడా కదిలాయి. "ఓసోస్! ఐమూల సాగిందా? ఉతికి పిండి ఆరేసిన చొక్కాని చూసి కొత్త ఫ్యాషననుకున్నారన్నమాట! నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదండీ!"

"నువ్వు దర్జీవి. నిన్నెవరు అడుగుతారు?"

"అందుకే ఇన్నేళ్ళు పట్టింది." కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో, దేనికో. "ఇంతకీ ఆ గీత సరైందా?"

"సరిగ్గా వచ్చి కూర్చుంది."

"అయితే పోనివ్వండి. ఫొటో మాత్రం తీయను."

"తప్పు పేరది."

"నా గోడ, నా ఇష్టం. ఇది మీ పుస్తకం కాదు. ఆ కోటు ఇలా విప్పండి, గుండీ కుడతా. ఊరందరివీ అయ్యాయి."

ఆయన కోటు విప్పి ఇచ్చి గోడకు ఆనుకున్నాడు. వీధి చివరినుంచి సాయంత్రపు ఎండ గడప దాటి మిషను చక్రం దాకా వచ్చింది. ఆవిడ దారం ఎక్కించి, కోటు ఒళ్ళో వేసుకుని, వీధివైపు తిరిగి కుట్టసాగింది. కుడుతూ మాట్లాడుతూనే ఉంది. కూతురు ఆదివారం వస్తానందని చెప్పింది. యూనిఫారాల టీచరు మళ్ళీ కొలతలు మార్చిందని చెప్పింది. ఆ అవతలావిడని ఒకసారి రమ్మని రాయకూడదా, ఎలా ఉంటుందో చూద్దాం, అంది.

జవాబు రాలేదు. ఆ చెవిపక్కనుంచి జవాబు వినపడకపోవడం ఆవిడకు వింత కాదు. దారం ముడివేసి, పంటితో కొరికి, గుండీని రెండుసార్లు లాగి చూసింది. అప్పుడు వెనక్కి తిరిగి, తల వాల్చి, వినపడే చెవిని ఆయన వైపు పెట్టింది.

"ఏమంటారు?"

ఆయన గోడకు తల ఆన్చి ఉన్నాడు. మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. చేతిలో గళ్ళగుడ్డ ముక్క అలాగే ఉంది. ఆవిడ ఆ చెవిని ఆయన నోటికి ఇంకా దగ్గరగా తీసుకువెళ్ళింది. అలా చాలాసేపు ఉంది.

వ్యాసం అచ్చులో వచ్చిన రోజున లెక్కలమ్మాయి నేలమాళిగ మెట్లు ఒక్కొక్కటిగా దిగింది. ఆయన స్టూలు మీద దుమ్ము లేదు, ఎవరో తుడుస్తున్నారు. ఆయన మెడలో ఉండే భూతద్దం ఇప్పుడు మేకుకు వేలాడుతోంది. ఆమె సొరుగు లాగింది. తట్టకు ముందు కొత్తచీటీ ఉంది. దాని వెనక, గోధుమరంగుకు తిరిగిన పేరు మీద, ఆ చిన్న చిప్ప ఒక పక్కకు ఒరిగి, ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టే ఉంది.